'నౌపడ' నాలుగు సంకేతాలు: జిస్ట్ కార్డు నుంచి నేటి గ్రాఫిక్స్ కార్డు దాకా - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
గ్రాఫిక్స్ కార్డులను వేగం, మెమరీ, ధర అనే కొలతలతో పోల్చడం పరిపాటి. ఆ కొలతల్లో పాత కార్డుకు సాధారణంగా ఓటమే. తెలుగు పాఠాన్ని కొలతగా తీసుకుంటే ఫలితం అంత సూటిగా ఉండదు. 1980ల చివరి నుంచి భారతీయ లిపులను కంప్యూటర్ తెరమీదికి తెచ్చిన జిస్ట్ కార్డునూ, నేటి గ్రాఫిక్స్ కార్డులనూ పక్కపక్కన ఉంచి, శ్రీకాకుళం జిల్లాలోని 'నౌపడ' అనే ఊరిపేరు ఆ రెండింటిలో ఎలా నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు లిపిని గూర్చిన జ్ఞానం కార్డులో నుంచి ఎక్కడికి తరలిపోయింది, ఆ తరలింపులో ఏది దక్కింది, ఏది జారిపోయింది అన్నది ఇందులోని చర్చ.

కీలకపదాలు: గ్రాఫిక్స్ కార్డు, జిస్ట్, ఇస్కీ, యూనికోడ్, తెలుగు లిపి, నౌపడ, కథానిలయం, సవర భాష.

1. ఉపోద్ఘాతం

రెండు గ్రాఫిక్స్ కార్డులను పోల్చే రచనలు దాదాపు ఒకే బాటలో నడుస్తాయి. ఒకే ఆటను రెండింటిమీదా ఆడించి, సెకనుకు ఎన్ని చిత్రాలు తెరకెక్కాయో లెక్కకట్టి, కొత్తది పాతదానికన్నా ఇంతశాతం మేలని తేలుస్తారు. ఆట కోసం కొనేవారికి ఆ లెక్క చాలు. అయితే ఆ పరీక్షలో భాషకు తావులేదు. తెరమీద కనిపించేదంతా చివరికి కార్డు గుండానే వస్తుంది కాబట్టి, తెలుగు అక్షరం విషయంలో ఏ కార్డు ఏమి చేసింది అన్న ప్రశ్న భాషాసాహిత్య పరిశోధకులు వేయదగినదే. కంప్యూటర్‌లో తెలుగు చరిత్రను ఫాంట్ల వైపు నుంచో, కీబోర్డుల వైపు నుంచో చెప్పడం మామూలు. కార్డు వైపు నుంచి చూస్తే అదే చరిత్ర మరోలా కనబడుతుంది.

పరీక్షకు ఒక మాట కావాలి. సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఉప్పుమళ్లకూ, రైల్వే జంక్షనుకూ పేరుపడిన ఊరు. ఆ పేరులో మూడే అక్షరాలు. మొదటి అక్షరంలో 'న'కారపు తలకట్టును తొలగించి ఔత్వం కూర్చుంటుంది. అంటే కంప్యూటర్ కేవలం రెండు గుర్తులను పక్కపక్కన పేర్చితే చాలదు. మొదటిదాని రూపాన్ని మార్చాలి. పైగా ఊరు తెలుగు, ఒడియా భాషలు కలిసే సీమలో ఉంది. రైల్వే బోర్డుల మీద ఊరిపేరు ప్రాంతీయ భాషలో, హిందీలో, ఆంగ్లంలో రాయడం ఆనవాయితీ కనుక, ఒకే పేరు పలు లిపుల్లో నిలవవలసిన అవసరం అక్కడ రోజూ ఉన్నదే.

2. తెరమీద తెలుగుకు చోటులేని రోజులు

1981లో వెలువడిన ఐబీఎం పీసీకి రెండు డిస్‌ప్లే కార్డులు ఉండేవి. ఏకవర్ణ కార్డు ఒక్కో అక్షరానికి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు గల గడిని కేటాయించేది. రంగుల కార్డులో ఆ గడి 8 చుక్కల చదరం; దాని మెమరీ మొత్తం 16 కిలోబైట్లు. తెరను వరుసకు 80 గడుల చొప్పున 25 వరుసలుగా విభజించి, ఒక్కో గడిలో ఒక్కో ఆకారాన్ని నింపేవారు. ఆ ఆకారాలు కార్డు మీది చిప్పులో శాశ్వతంగా అచ్చుపడి ఉండేవి. వాటి సంఖ్య 256.

ఆ 256లో ఆంగ్లాక్షరాలు, యూరప్ భాషల స్వరచిహ్నాలు, కొన్ని గ్రీకు అక్షరాలు, పట్టికలు గీయడానికి గీతల ముక్కలు ఉన్నాయి. రెండు నవ్వుముఖాలు ఉన్నాయి. పేకముక్కల మీది ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను గుర్తులు సైతం ఉన్నాయి. పేకాటకు దొరికిన చోటు తెలుగుకు దొరకలేదు. ఇది వివక్ష అనడానికి లేదు. తమ మార్కెట్టును ఎదుట పెట్టుకుని చేసుకున్న పట్టిక అది. అయినా, ఒక యంత్రం ఎవరిని ఊహించుకుని తయారైందో చెప్పడానికి ఆ పట్టికకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

తెలుగును ఆ పట్టికలో ఇరికించడం కూడా సాధ్యమయ్యేది కాదు. 35 హల్లులకు 14 గుణింతరూపాల చొప్పున వేసుకున్నా 490 ఆకారాలు కావాలి. వత్తులు ఇంకా లెక్కలోకి రాలేదు. తెలుగు అక్షరం నిలువునా మూడంతస్తుల కట్టడం. పైన గుడి, ఏత్వం వంటివి, నడుమ అక్షరదేహం, కింద వత్తు. 'సూక్ష్మం' అనే మాటలో కకారం కింద షకారపు వత్తు, దానితోపాటు మకారపు వత్తు కూడా నిలబడాలి. ఎనిమిది చుక్కల ఎత్తులో ఇదంతా పట్టించడం బియ్యపుగింజ మీద శాసనం చెక్కడం వంటిది.

3. జిస్ట్ కార్డు: లిపిని మోసిన యంత్రం

ఈ చిక్కుకు పరిష్కారం ఐఐటీ కాన్పూరులో మొదలైంది. అక్కడ రూపొందిన దేవనాగరి కంప్యూటర్‌ను 1983లో ఢిల్లీలో జరిగిన మూడవ ప్రపంచ హిందీ సమ్మేళనంలో ప్రదర్శించారు. ఆ పరిశోధనలో పాలుపంచుకున్న మోహన్ తాంబే కృషితో జిస్ట్ సాంకేతికత రూపుదిద్దుకుంది. 1988లో పుణె కేంద్రంగా సీ-డాక్ సంస్థ ఏర్పడిన తరువాత అది అక్కడ ఎదిగి, భారతీయ లిపులన్నిటికీ విస్తరించింది. జిస్ట్ పూర్తిపేరులోనే 'గ్రాఫిక్స్', 'లిపి' అనే రెండు మాటలూ ఉన్నాయి. నేటి అర్థంలో అది ఆటల కార్డు కాదు. తెరమీద ఏ ఆకారం పడాలో నిర్ణయించే అదనపు కార్డు అన్న అర్థంలో మాత్రం అది తెలుగువారి తొలి గ్రాఫిక్స్ కార్డు.

దాని పనితీరులో ఒక చమత్కారం ఉంది. వర్డ్‌స్టార్, డీబేస్, లోటస్ వంటి ఆనాటి ప్రోగ్రాములకు తెలుగు తెలియదు. తెలియజెప్పే మార్గమూ లేదు. జిస్ట్ కార్డు వాటిని మార్చలేదు. ప్రోగ్రాము తనకు అలవాటైన రీతిలో అంకెలను తెరకు పంపుతుంది. కార్డు నడుమ నిలిచి, ఆ అంకెలను అక్షరాలుగా కూర్చి చూపుతుంది. ప్రోగ్రాముకు తాను తెలుగు రాస్తున్నట్టే తెలియదు.

ఆ అంకెలకు ప్రమాణం ఇస్కీ. 1991లో భారతీయ ప్రమాణం 13194గా స్థిరపడిన ఈ పద్ధతిలో ఆంగ్లాక్షరాలు మొదటి సగంలో యథాతథంగా ఉంటాయి. రెండవ సగం భారతీయ లిపులది. ఇందులో 'నౌపడ' నాలుగు సంకేతాలు: న 198, ఔత్వం 230, ప 200, డ 191. నాలుగు బైట్లతో పేరు పూర్తయింది. ఇక్కడ గమనించదగినది, ఈ అంకెలు ఆకారాలకు కాక ధ్వనులకు గుర్తులు కావడం. నకారపు తలకట్టు తీసేయాలన్న సంగతి సంకేతంలో లేదు. అది కార్డుకు తెలుసు. వర్ణమాల క్రమంలోనే అంకెలు అమరి ఉండడం వల్ల, అకారాదిక్రమం అంటే ఏమిటో తెలియని డీబేస్ సైతం ఓటర్ల జాబితాను అంకెల వరుసలో పేర్చితే అది చాలావరకు అకారాది జాబితాగానే తేలుతుంది.

ఇస్కీలోని అసలు సాహసం మరొకటి. బ్రాహ్మీసంతతి లిపులన్నిటికీ అదే పట్టిక. 198 తెలుగులో న, ఒడియాలోనూ న, దేవనాగరిలోనూ న. లిపి ఏదో తెలిపే గుర్తును మార్చితే అవే నాలుగు బైట్లు మరో లిపిలో ప్రత్యక్షమవుతాయి. నౌపడ వంటి చోట ఇది కేవలం సాంకేతిక సౌకర్యం కాదు. ఊరిపేర్ల పట్టికను ఒక్కసారి రాసుకుని మూడు లిపుల్లో చూపవచ్చు. భారతీయ లిపుల లోపలి ఏకత్వాన్ని వ్యాకర్తలు చెప్పగా విన్నవారికి, ఒక యంత్రం దాన్ని చేసి చూపడం అదే మొదలు.

అయితే ఆ ఏకత్వం పూర్తి నిజం కాదు. ఒడియాలో ఊరిపేర్ల చివర వచ్చే 'పడా' అనే మాటలోని డకారానికి కింద చుక్క ఉంటుంది. దాని ఉచ్చారణ వేరు. చివర దీర్ఘమూ ఉంటుంది. తెలుగు 'పడ'ను మీట నొక్కి ఒడియాలోకి మార్చితే అక్షరాలు ఒడియావే అవుతాయి గాని వర్ణక్రమం ఒడియాది కాదు. లిపిమార్పిడిని భాషామార్పిడిగా పొరబడే అవకాశాన్ని జిస్ట్ కార్డు సులభం చేసిందన్నది దానిపై న్యాయంగానే చేయదగిన విమర్శ.

అంతకన్నా పెద్ద లోపం కార్డు కార్డే కావడం. కార్డు ఉన్న కంప్యూటర్‌లోనే తెలుగు ఉంది. ఆ ఫైలును కార్డులేని మరో పీసీకి తీసుకుపోతే, ఆ నాలుగు బైట్లను ఐబీఎం 256 ఆకారాల పట్టిక తన పద్ధతిలో చదువుకుంటుంది. అప్పుడు 'నౌపడ' స్థానంలో కనిపించేవి పట్టిక గీతల ముక్కలు మూడు, వాటి నడుమ ఒక గ్రీకు మ్యూ. ఊరు చెరిగిపోలేదు, ఫైలులో భద్రంగానే ఉంది. చదివే సాధనం లేదంతే.

4. గేజి మారిన చోట

ఈ స్థితికి దీటైన ఉదాహరణ నౌపడ జంక్షనులోనే ఉంది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వేసిన లైటు రైల్వే పట్టాల ఎడం 762 మిల్లీమీటర్లు. మద్రాసు-హౌరా ప్రధానమార్గం ఎడం 1676 మిల్లీమీటర్లు. రెండూ ఒకే స్టేషనులో కలిసినా ఒకదాని పెట్టె మరొకదాని మీద నడవదు. సరుకు దింపి, మోసి, మళ్లీ ఎక్కించాలి. తరువాత గుణుపురం దాకా సాగిన ఆ చిన్నలైను 2004లో మూతపడి, పెద్దగేజిగా మారి 2011 నాటికి గుణుపురం చేరింది. నడుమ కొన్నేళ్లు ఆ దారిలో బండే లేదు.

తెలుగు పాఠానికీ సరిగ్గా ఇదే జరిగింది. విండోస్ వచ్చి తెరను గడుల నుంచి విడిపించి ప్రతి చుక్కనూ గీయదగినదిగా మార్చాక, తెలుగు చూపడానికి ప్రత్యేక కార్డు అక్కరలేకపోయింది. ఆ ఖాళీలోకి డీటీపీ ఫాంట్లు వచ్చాయి. వాటిలో సంకేతం ధ్వనికి కాదు, ఆకారపు ముక్కకు. తలకట్టు ఒక సంఖ్య, తలకట్టులేని నకారం ఒక సంఖ్య, ఔత్వం మరొకటి. ఒక్కో సంస్థ ఫాంటుకు ఒక్కో పట్టిక. అచ్చు అందంగా వచ్చింది, ఖర్చు తగ్గింది, ప్రెస్సులు బతికాయి. కాని వెతకడం, అకారాదిగా పేర్చడం, మరో ఫాంటులోకి మార్చడం అన్నీ పోయాయి. కాలక్రమంలో తరువాత వచ్చిన పద్ధతి భాషాపరంగా ముందుదానికన్నా వెనుకబడిన సందర్భం ఇది. ఆనాడు కంపోజయిన పుస్తకాల ఫైళ్లలో ఎన్నో నేటికీ చిన్నలైను పెట్టెల్లోని సరుకులా దించేవారి కోసం నిలిచిపోయి ఉన్నాయి.

పెద్దగేజి యూనికోడ్. 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాల గది ఇచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చేసరికి మామూలు కంప్యూటర్‌లో అది పనిచేయసాగింది. ఇందులో 'నౌపడ' మళ్లీ నాలుగు సంకేతాలే: 3112, 3148, 3114, 3105. ఒడియా గదిలో అవే ధ్వనులు 2856, 2892, 2858, 2849. ప్రతి జతకూ తేడా కచ్చితంగా 256. ఇస్కీ పట్టిక వరుసను యూనికోడ్ ప్రతి లిపికీ విడివిడిగా దించుకున్న ఫలితం అది. పాత కార్డు నమ్మిన ఏకత్వం ఒక కూడికగా మిగిలింది. అందుకు చెల్లించిన మూల్యం చోటు. సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. నాలుగు బైట్ల 'నౌపడ' పన్నెండు బైట్లయింది. డిస్కుల లెక్కలో ఈ పెరుగుదలను ఎవరూ పట్టించుకోలేదు. దాని ప్రభావం చాలాకాలం తరువాత, ఎవరూ అనుకోని చోట కనిపించింది.

5. లిపి తెలియని శక్తి

నేటి గ్రాఫిక్స్ కార్డు వంశం వేరు. 1999లో ఎన్విడియా జీఫోర్స్ 256ను 'జీపీయూ' అనే పేరుతో విపణిలో పెట్టింది. త్రిపరిమాణ చిత్రాల కోసం ఒకే రకపు లెక్కను వేలాది చుక్కలమీద ఏకకాలంలో చేయడం దాని విద్య. 2007లో వచ్చిన క్యూడా ఆ విద్యను చిత్రాలకే కాక ఏ లెక్కకైనా వాడుకునే వీలు కల్పించింది. 2012లో చిత్రాలను గుర్తుపట్టే పోటీలో గెలిచిన అలెక్స్‌నెట్ అనే నాడీజాలం, ఆటలవారి కోసం అమ్మిన జీటీఎక్స్ 580 కార్డులు రెండింటిమీద శిక్షణ పొందింది. ఒక్కోదానికి మెమరీ 3 జీబీ.

ఈ కార్డుకు తెలుగు తెలియదు. 'నౌపడ' తెరకెక్కే క్రమంలో నాలుగు సంకేతాలను అక్షరరూపాలుగా కూర్చేది హార్ఫ్‌బజ్, యూనిస్క్రైబ్ వంటి సాఫ్ట్‌వేర్; తలకట్టు తీసేయాలన్న నియమం ఉండేది ఫాంటులో. కార్డుకు చేరేసరికి అది చుక్కల గుంపు. తెలుగు అక్షరమో, తాటిచెట్టు ఆకో దానికి ఒకటే. జిస్ట్ కార్డు మోసిన జ్ఞానమంతా కార్డును విడిచి ప్రమాణాల్లోకీ, ఫాంట్లలోకీ తరలింది.

ఈ తరలింపు మేలే చేసింది. 2021లో యూనికోడ్ 14వ కూర్పు తెలుగుకు నుక్తాను, నకారపొల్లును చేర్చింది. పాత అచ్చుపుస్తకాలను ఉన్నదున్నట్టు ఎత్తిరాసేవారికి నకారపొల్లు ఎంత అవసరమో పరిశోధకులకు చెప్పనక్కరలేదు. నుక్తా వల్ల ఒడియా చుక్కడకారాన్ని తెలుగు లిపిలోనే సూచించవచ్చు. ఇస్కీ కాలంలో తెలుగు వైపు చూపలేకపోయిన భేదం అది. ఈ రెండు గుర్తుల కోసం ఎవరూ కార్డు మార్చలేదు. ఫాంటు మారింది. లిపిని చిప్పులో బంధించి ఉంటే ప్రతి కొత్త గుర్తుకూ కొత్త చిప్పు కావలసివచ్చేది.

6. రెండు నేటి కార్డులు: తెలుగు లెక్క

కథ ఇక్కడితో ముగిసి ఉంటే పోలికకు అర్థముండేది కాదు. కాని భాషానమూనాలు వచ్చాక గ్రాఫిక్స్ కార్డుకు పాఠంతో మళ్లీ సంబంధం ఏర్పడింది. విశ్వవిద్యాలయ శాఖలకూ, చిన్న పరిశోధక బృందాలకూ అందుబాటులో ఉండే రెండు కార్డులను ఈ కోణంలో చూడవచ్చు. జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 3060 2021లో 12 జీబీ మెమరీతో 329 డాలర్లకు వచ్చింది. ఆర్‌టీఎక్స్ 4060 2023లో 8 జీబీ మెమరీతో 299 డాలర్లకు వచ్చింది. ఆటల్లో కొత్తది వేగవంతం. విద్యుత్తు 170 వాట్ల నుంచి 115కు తగ్గింది. ఆటల పత్రికలు కొత్తదానికి మొగ్గడం సహజం.

తెలుగు పాఠంతో పనిచేసేవారికి లెక్క తిరగబడుతుంది. 2023 నాటి లామా 2 నమూనాల్లో చిన్నదానికి సుమారు 700 కోట్ల పరామితులు. ఒక్కోదాన్ని రెండు బైట్లలో దాచితే 14 జీబీ. ఏ కార్డులోనూ పట్టదు. ఒక్క బైటుకు కుదిస్తే 7 జీబీ. అది 8 జీబీ కార్డులో పడుతుంది గాని ఆపైన ఊపిరాడదు. నమూనా చదువుతున్న పాఠంలోని ప్రతి తునకకూ కార్డు మెమరీలో దాదాపు అర మెగాబైటు కావాలి. 4,096 తునకలకు 2 జీబీ. మొత్తం 9 జీబీ. పాత కార్డులో ఇముడుతుంది, కొత్తదానిలో ఇమడదు. కుదింపును అర బైటుకు దించితే రెండింటిలోనూ పడుతుంది, అయితే కుదించినకొద్దీ సమాధానాల నాణ్యత తగ్గే ప్రమాదం ఉంటుంది. వేగం సంగతి కూడా అంతే. ఒక్కో తునకను పలకడానికి పరామితులన్నిటినీ మెమరీ నుంచి ఒకసారి చదవాలి. సెకనుకు 3060 మెమరీ 360 జీబీ, 4060 మెమరీ 272 జీబీ అందించగలవు. 7 జీబీ నమూనాకు అది సెకనుకు గరిష్ఠంగా 51, 39 తునకల కింద లెక్క.

ఇక్కడే ఆ పన్నెండు బైట్లు ముందుకొస్తాయి. నమూనా పదసంపుటిలో తెలుగు అక్షరాలు లేకపోతే అది ఒక్కో సంకేతాన్ని మూడు బైట్ల తునకలుగా విరిచి చదువుతుంది. అప్పుడు 'నౌపడ' పన్నెండు తునకలు; కార్డు మెమరీలో ఆరు మెగాబైట్లు. 4,096 తునకల్లో ఆంగ్లవ్యాసం ఒకటి పూర్తిగా పడుతుంది. తెలుగులో సుమారు 1,365 సంకేతాలు, అంటే ఒక మోస్తరు అచ్చుపుటకు కాస్త అటూ ఇటూ. ఒకే కార్డు, ఒకే నమూనా, ఒకే కరెంటు ఖర్చు. చదవగలిగిన మేర మాత్రం వేరు. తరువాతి నమూనాలు పదసంపుటిని పెంచి ఈ భారాన్ని తగ్గిస్తున్నాయి. 2024 నాటి లామా 3లో అది 32,000 నుంచి 1,28,000 దాటింది. అయినా తెలుగు కోసం కార్డు ఎంచుకునేవారు తయారైన సంవత్సరంకన్నా మెమరీని ముందు చూడాలన్న నిర్ణయం మారదు. కొత్తదనే కారణంతో 4060ను కొన్న తెలుగుశాఖ ఆ పనికి తక్కువ కార్డును కొన్నట్టే.

7. చిత్రం నుంచి పాఠానికి

ఎంత పెద్ద కార్డయినా దానికి చదవడానికి పాఠం కావాలి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథలకు నిధి. అక్కడి కథలను స్కాన్ చేసి అంతర్జాలంలో అందుబాటులో ఉంచిన సంగతి పరిశోధకులందరికీ తెలిసిందే. అయితే స్కాన్ చేసిన పుట చిత్రం. కంటికి కథ, కంప్యూటర్‌కు చుక్కలు. ఆ చుక్కలను మళ్లీ సంకేతాలుగా మార్చే పని ఓసీఆర్‌ది. జిస్ట్ కార్డు సంకేతం నుంచి ఆకారానికి పోయింది. ఇది ఆకారం నుంచి సంకేతానికి తిరుగు ప్రయాణం.

ఈ పనికి పెద్ద కార్డు తప్పనిసరి కాదన్నది చాలామంది గమనించని విషయం. 2018లో వచ్చిన టెసరాక్ట్ నాలుగవ కూర్పు నాడీజాలంతో తెలుగు చదువుతుంది, గ్రాఫిక్స్ కార్డు లేకుండానే. చిక్కు వేరే చోట ఉంది. పాత అచ్చులో ప, వ, ష, మ, య, ధ, థ ఒకదానికొకటిగా కనిపిస్తాయి. అప్పుడు నమూనా చుట్టూ ఉన్న మాటలను బట్టి ఏది ఎక్కువ వాడుకలో ఉందో ఊహిస్తుంది. ప్రామాణిక భాషలో ఆ ఊహ మేలుచేస్తుంది. ఉత్తరాంధ్ర కథలో అదే ఊహ కీడు చేయగలదు. 'ఏమిటి' అనవలసిన చోట పాత్ర 'ఏటి' అంటుంది, 'త్వరగా'కు బదులు 'బేగి' అంటుంది, 'వచ్చీసినాడు' అంటుంది. పత్రికాభాష మీద పెరిగిన నమూనాకు ఇవి అచ్చుతప్పులుగా తోచే అవకాశం ఎక్కువ. ఏ మాండలికాన్ని సాహిత్యంలోకి తేవడానికి గురజాడ మొదలు కారా మాస్టారి దాకా శ్రమించారో, దాన్ని యంత్రం మర్యాదగా దిద్ది పెడుతుంది. పాత కార్డు అజ్ఞాని కావచ్చు, రచయిత మాటను మాత్రం మార్చలేదు. 191 పంపితే డకారమే చూపింది. కొత్త పద్ధతిలో తప్పు గీతల ముక్కలుగా బయటపడదు, శుద్ధమైన తెలుగుగా కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే ఆ యాస తెలిసినవారు పుటలను సరిచూడాలి.

8. గుణుపురం దారిలో

నౌపడ చిన్నలైను చేరే సీమ సవరలది. ఆ లైను మీది పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా ఉండి సవర భాష నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథాన్నీ, 1938లో సవర-ఆంగ్ల నిఘంటువునూ ప్రకటించారు. వ్యావహారిక భాషోద్యమంలో ఆయన పాత్రకు దొరికిన చర్చలో పదోవంతు కూడా ఈ కృషికి తెలుగు విమర్శలో దొరకలేదు. 1936లో మంగెయి గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు.

ఆ లిపి బ్రాహ్మీ పట్టికలో ఇమిడేది కాదు. న అంటే 198, ప అంటే 200 అనే ఇస్కీ ఏకత్వం ఎంత విశాలమైనదైనా, దాని గుమ్మం బ్రాహ్మీసంతతికే. జిస్ట్ కార్డు మీద సవర మాట రాయాలంటే తెలుగు లిపిలోనో, ఒడియాలోనో రాయాలి. సవరలో కంఠమూలంలో ఆగే ధ్వనికి అక్కడ గుర్తు లేదు. 2012లో యూనికోడ్ 6.1 సొరంగ్ సొంపెంగ్‌ను చేర్చుకుంది. 69840 నుంచి మొదలయ్యే గదిలో 25 అక్షరాలు, 10 అంకెలు. ఒక్కోదానికి యూటీఎఫ్-8లో నాలుగు బైట్లు; తెలుగుకన్నా ఒకటి ఎక్కువ. నేటి ఏ గ్రాఫిక్స్ కార్డయినా తగిన ఫాంటు ఉంటే ఆ అక్షరాలను నిస్సంకోచంగా గీస్తుంది. లిపి విషయంలో పాత కార్డు చేసిన లోపాన్ని కొత్త వ్యవస్థ ఇలా సరిదిద్దింది.

భాష విషయంలో సరిదిద్దలేదు. 2023లో ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ వెలువరించిన ఇండిక్‌ట్రాన్స్2 అనువాద నమూనా ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలనూ తీసుకుంది. తెలుగు, ఒడియా అందులో ఉన్నాయి. సవర ఆ షెడ్యూలులో లేదు. నౌపడలో బయలుదేరిన బండి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి దాటి గుణుపురం చేరేలోగా మూడు భాషల నేలమీదుగా పోతుంది. మొదటి రెంటికీ సంకేతాలున్నాయి, ఫాంట్లున్నాయి, కార్డుకు తినిపించడానికి కొంతైనా పాఠం ఉంది. మూడవదానికి సంకేతాలున్నాయి, ఫాంటు ఉంది. పాఠంగా చేతికందేది బహుస్వల్పం. అందులోనూ విలువైనవి గిడుగు పుస్తకాల వంటి అచ్చుపుటలు. ఆ నిఘంటువులో ధ్వనుల కోసం ఆయన వాడిన విశేష గుర్తులను చదివే ఓసీఆర్‌కు శిక్షణ ఇవ్వడానికి 12 జీబీ కార్డు కూడా అక్కరలేదు. సవర తెలిసినవారు కొందరు కూర్చుని, మొదట కొన్ని పుటలను తప్పులేకుండా చేత్తో ఎత్తిరాసి ఇవ్వాలి.